చక్రాల మీద డేరా

అకుల, ప్రిస్కిల్ల అనే భార్యాభర్తల పేర్లు కొత్త నిబంధనలో ఎక్కడ వచ్చినా జంటగానే వస్తాయి. భర్తను విడిచి భార్య పేరు గానీ, భార్యను విడిచి భర్త పేరు గానీ ఒక్కచోట కూడా కనిపించదు. రోమా నుంచి యూదులందరూ వెళ్లిపోవాలని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞాపిస్తే వాళ్లు కొరింథుకు వచ్చారు. అక్కడ పౌలుకు తమ ఇంట్లో చోటిచ్చారు, తమ పనిలోనూ చోటిచ్చారు (అపొ.కా. 18:1-3). పౌలు ఎఫెసుకు బయలుదేరితే సామాను సర్దుకుని తామూ బయలుదేరారు. మళ్లీ రోమాలో కనిపిస్తారు, ఆ తర్వాత మళ్లీ ఎఫెసులో. వాళ్ల వృత్తి డేరాలు కుట్టడం. ఎక్కడికి వెళితే అక్కడ ఇల్లు, ఇల్లు ఉన్నచోట పని, పని ఉన్నచోట సంఘం. ఇంత తిరిగిన ఆ జంట ఒక్క ప్రసంగమైనా చేసినట్టు లేఖనంలో లేదు. అపొల్లో అనే మహావక్తను మాత్రం చేర్చుకుని దేవుని మార్గాన్ని ఇంకా బాగా విశదపరిచారు, అంతే!

ఆ జంటను తలపించే జంటలు మన కాలంలో అమెరికా రహదారుల మీద కనిపిస్తాయి. పిల్లల దగ్గర నాలుగు నెలలుండి వచ్చిన మన పెద్దలు ఆ బండ్లను చూసే ఉంటారు. బస్సంత పొడవున, లోపల మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ ఉన్న బండి. వాళ్లు దాన్ని ఆర్వీ అంటారు. మంచినీళ్లకు ఒక ట్యాంకు, వాడిన నీళ్లకు ఒకటి, మరుగుదొడ్డికి ఇంకొకటి. ఆగిన చోట కరెంటు తీగ తగిలించి, నీటి గొట్టం బిగించి, బయట రెండు మడత కుర్చీలు వేసుకుంటే ఇల్లు సిద్ధమైనట్టే. స్టీరింగు దగ్గర డెబ్బై ఏళ్ల పెద్దాయన, పక్కన మ్యాపు చూస్తూ ఆయన భార్య. వెనకాల తాడు కట్టినట్టు ఒక చిన్న కారు!

మిషిగన్, మిన్నెసోటా, విస్కాన్సిన్ లాంటి ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలం ముసలివాళ్లకు శిక్ష. వాకిట్లో మంచు ఎత్తిపోస్తే తప్ప కాలు బయట పెట్టలేరు, కాలు జారితే తుంటి ఎముక విరుగుతుంది. అందుకే ఉద్యోగ విరమణ చేసినవాళ్లు చాలామంది శీతాకాలం ముంచుకు రాకముందే దక్షిణానికి ప్రయాణం కడతారు. మిషిగన్ ఉత్తరపు అంచున మొదలయ్యే 75వ నంబరు హైవే పట్టుకుంటే ఒహాయో, కెంటకీ, టెనెసీ, జార్జియాల మీదుగా ఫ్లోరిడా దాకా అదే దారి. వలసపోయే పిట్టలతో పోల్చి వాళ్లను అక్కడివాళ్లు మంచు పిట్టలంటారు. మన కొల్లేటికి, నేలపట్టుకు చలికాలంలో కొంగలు, గూడబాతులు దిగినట్టు అక్కడ ఈ బండ్లు దిగుతాయి.

మామూలుగా అయితే కథ అక్కడితో అయిపోవాలి. సముద్రం ఒడ్డున బండి ఆపుకుని, ఎండ కాచుకుని, మార్చి దాటాక ఇల్లు చేరాలి. కానీ 1988లో ‘హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ’ అనే క్రైస్తవ సేవాసంస్థ ఈ వలసను చూసి ఒక ఆలోచన చేసింది. ఎలాగూ వస్తున్నారు, ఇల్లు వెంటబెట్టుకుని వస్తున్నారు, బస చూపించనక్కర్లేదు. మరి వచ్చినప్పుడు రెండు వారాలు ఆగి ఒక పేద కుటుంబానికి ఇల్లు కట్టిపెట్టి పోకూడదా? అలా ‘కేర్-ఎ-వ్యానర్స్’ పేరుతో సొంత బండ్లలో వచ్చే స్వచ్ఛంద సేవకుల పని మొదలైంది. అమెరికా మెథడిస్టు సంఘాల్లోనూ అదే కాలంలో ‘నోమాడ్స్’ అనే ఇలాంటి బృందమే తయారైంది. వాళ్లు చర్చిలకు, అనాథాశ్రమాలకు, తుఫాను దెబ్బతిన్న ఇళ్లకు మరమ్మతులు చేస్తూ తిరిగేవాళ్లు. 2005 ఆగస్టులో కత్రినా తుఫానుకు న్యూ ఆర్లీన్స్ నగరంలో ఎనభై శాతం మునిగిపోయాక ఆ తీరానికి దేశం నలుమూలల చర్చిల నుంచి మనుషులు వచ్చారు. హోటళ్లు కూడా మునిగిపోయిన చోట, తమ ఇల్లు తామే తెచ్చుకున్నవాళ్ల విలువ ఎంతో చెప్పాలా?

ఈ హాబిటాట్ పుట్టిన చోటు గురించి రెండు మాటలు చెప్పుకోక తప్పదు. జార్జియా రాష్ట్రంలో అమెరికస్ అనే చిన్న పట్టణం దగ్గర 1942లో క్లారెన్స్ జోర్డన్ అనే బాప్టిస్టు బోధకుడు ‘కొయినోనియా’ పేరుతో ఒక పొలం పెట్టాడు. కొయినోనియా అంటే గ్రీకులో సహవాసం, అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో ఉన్న మాటే. ఆయన వ్యవసాయం చదివాడు, గ్రీకు కొత్త నిబంధనలో డాక్టరేటు కూడా చేశాడు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని తినాలన్నది ఆ పొలం నియమం. దక్షిణాదిలో ఆ రోజుల్లో అంతకు మించిన నేరం లేదు. 1950లో ఒక భారతీయ విద్యార్థి ఆ పొలం చూడటానికి వచ్చాడు. హిందూ యువకుడు. ప్రొటెస్టెంట్ల ఆరాధన ఎలా ఉంటుందో చూడాలని ఉందంటే ఆదివారం తమతోపాటు ఊళ్లోని చర్చికి తీసుకువెళ్లారు. అతని ఒంటి రంగు నలుపు. ఆ సంఘం పెద్దలు ఆగ్రహించి కొయినోనియా వాళ్లను సంఘంలోనుంచే వెలివేశారు! మన దేశపు పిల్లవాడు ఒక పూట ఆరాధనలో కూర్చున్నందుకు ఇంత జరిగింది. చదివి నొచ్చుకుంటాం. కానీ ఆ నొప్పి పట్టుకుని మన ఊరి చర్చిల దగ్గరికి వద్దాం. ఒకే ఊళ్లో, ఒకే మిషను వాళ్లు కట్టిన రెండు చర్చిలు ఎందుకున్నాయో, ఎవరి పేటలో ఏది ఉందో మనకు తెలియనిదా? తర్వాతి సంవత్సరాల్లో ఆ పొలం మీద బాంబులు వేశారు, తుపాకులు పేల్చారు, సరుకులు అమ్మవద్దని కట్టుబాటు చేశారు. పోస్టులో పెకాన్ పప్పులు అమ్ముకుని వాళ్లు బతికి బట్టకట్టారు.

1965లో అక్కడికి మరో జంట వచ్చింది. మిల్లర్డ్ ఫుల్లర్, లిండా ఫుల్లర్. ముప్పై ఏళ్లు నిండకముందే కోటీశ్వరుడైన లాయరు ఆయన. డబ్బు సంపాదనలో పడి ఇంటి మొహం చూడని భర్తను విడిచి ఆమె వెళ్లిపోయింది. వెతుక్కుంటూ వెళ్లి బతిమాలుకున్నాక, ఈ ఆస్తే మన మధ్య అడ్డమైతే వదిలేద్దామని ఇద్దరూ తీర్మానించుకున్నారు. పిల్లలతో ఫ్లోరిడా వెళ్లి తిరిగి వస్తూ, కొయినోనియాలో ఉన్న ఒక మిత్రుడిని పలకరించి పోదామని ఆగారు. రెండు గంటలనుకున్న ఆ ఆగడం నెల రోజులైంది. పదకొండేళ్ల తర్వాత, 1976లో, వాళ్లు స్థాపించిందే హాబిటాట్. బీదవాడి దగ్గర వడ్డీ తీసుకోకూడదన్న నిర్గమకాండము 22:25 ఆజ్ఞను వాళ్లు అక్షరాలా పట్టుకున్నారు. లాభం వేసుకోకుండా ఇల్లు కట్టాలి, వడ్డీ లేకుండా వాయిదాల్లో సొమ్ము తీసుకోవాలి, ఆ సొమ్ముతో ఇంకొకరికి ఇల్లు కట్టాలి. ఇల్లు పొందేవాళ్లు కూడా కొన్ని వందల గంటలు పని చేయాలి. దాన్ని చెమట వాటా అన్నారు. ఉచితంగా ఇవ్వలేదు, దానం తీసుకున్నవాడిగా తల వంచుకోనివ్వలేదు. సంస్థ భారతదేశంలో 1983లో మొదట అడుగుపెట్టింది ఎక్కడో కాదు, మన ఖమ్మంలోనే. జార్జియా పొలంలో మొలిచిన మొక్క ఏడేళ్లకే తెలుగు నేలమీద నాటుకుందన్న మాట!

ఇక ఆ బండ్ల జంటల దినచర్య సంగతి. చర్చి వెనక ఖాళీ స్థలంలోనో, దగ్గర్లో చూపించిన చోటో బండ్లు వరుసగా ఆగుతాయి. ఉదయాన్నే చిన్న ప్రార్థన, తర్వాత పని. అమెరికాలో ఇళ్లు ఎక్కువగా చెక్క చట్రాలతో కడతారు కనుక ముసలివాళ్లు కూడా చేయగల పని చాలా ఉంటుంది. మేకులు కొట్టడం, గోడ చట్రం నిలబెట్టడం, కిటికీలు బిగించడం, రంగులు వేయడం. అనుభవం ఉండాలన్న నిబంధన లేదు. పనికి మేస్త్రీగా ఉండేది ఒక్కోసారి పాతికేళ్ల కుర్రాడు. నలభై ఏళ్లు బ్యాంకు మేనేజరుగా సంతకాలు పెట్టినాయన ఆ కుర్రాడి ముందు నిలబడి, మేకు వంకరపోతే మందలింపు విని, దాన్ని పీకి మళ్లీ కొడతాడు. అతని పక్కనే రేపు ఆ ఇంట్లో ఉండబోయే తల్లి, స్కూలు బస్సు నడిపే మనిషో, ఆసుపత్రి ఆయానో, తన గంటల లెక్క పూర్తి చేసుకుంటూ ఉంటుంది. గోడకు పలకలు బిగించి మూసేముందు లోపలి చెక్కల మీద పెన్సిలుతో వాక్యాలు, ఆశీర్వచనాలు రాసే ఆనవాయితీ చాలాచోట్ల ఉంది. ఆ తర్వాత అవి ఎవరికీ కనపడవు. రాసినవాళ్ల పేరున శిలాఫలకమూ ఉండదు. ఈ ఒక్క సంగతి మన పాఠకులు కాస్త ఆగి ఆలోచించాలని మనవి. మన చర్చిల్లో ఫ్యాను రెక్కల మీద కూడా దాతల పేర్లుంటాయి కదా!

వీళ్లలో అందరికీ తెలిసిన జంట అధ్యక్షుడు జిమ్మీ కార్టరు, రోజలిన్ దంపతులు. వాళ్ల ఊరు ప్లెయిన్స్ ఆ అమెరికస్ పక్కనే. పదవి పోయిన మూడేళ్లకు, 1984లో, వాళ్లు మిగతా సేవకులతోపాటు బస్సెక్కి న్యూయార్క్ వెళ్లి, చర్చిలో పడుకుని, శిథిలమైన ఒక పాత భవనాన్ని బాగు చేశారు. 2006లో మన లోనావాలా దగ్గరకూ వచ్చి ఇళ్లు కట్టారు. 2019లో 95 ఏళ్ల వయసులో ఆయన ఇంట్లో పడి కనుబొమ్మ పైన కుట్లు వేయించుకుని, నల్లబడిన కన్నుతోనే నాష్‌విల్‌లో పనికి హాజరయ్యారు. రోజలిన్ 2023లో, ఆయన 2024 డిసెంబరులో నూరేళ్లు నిండి ప్రభువు సన్నిధికి వెళ్లారు. మాజీ అధ్యక్షుడని ఆయనను పొగడటం మన ఉద్దేశం కాదు. ఆయన చేతిలో సుత్తి ఉందన్నదే ముఖ్యం.

బైబిలులో రిటైర్మెంటు లేదని బోధకులు కొందరు తేలిగ్గా అంటుంటారు. ఉంది. సంఖ్యాకాండము 8:24-26 చూడండి. లేవీయులు యాభయ్యో ఏట సేవనుండి విరమించాలి. అయితే ఇంట్లో కూర్చోమనలేదు. తమ సహోదరులకు సహాయంగా ఉండాలి, బరువైన సేవ మాత్రం చేయకూడదు. దేవుడు ఎంత వివరంగా ఆలోచించాడో! అధికారం యువకులకు అప్పగించాలి, చేయూత మాత్రం ఆపకూడదు. మన సంఘాల్లో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చర్చి మెట్లెక్కడానికి తీరికలేని పెద్దమనిషి, పింఛను మొదలైన నెలలోనే కమిటీ ఎన్నికల్లో నిలబడతాడు. సహాయం ఎవరికి కావాలి, అధికారం కావాలి. కోశాధికారి పదవి కోసం కోర్టుకెక్కిన సంఘాల పేర్లు రాయాలంటే ఈ పేజీ చాలదు.

బండ్లలో తిరగడానికి అంత డబ్బున్నవాళ్ల సేవ కూడా ఒక సేవేనా అని అడిగేవాళ్లుంటారు. ప్రశ్న న్యాయమైనదే. పెద్ద ఆర్వీ లీటరు డీజిలుకు మూడు నాలుగు కిలోమీటర్లకు మించి నడవదు. వెయ్యి మైళ్లు పోయి రావడానికయ్యే ఖర్చు చెక్కు రాసి పంపితే ఆ ఊరి కూలీలకే పని దొరుకును కదా? పైగా వాళ్లు వెచ్చదనం కోసమే బయలుదేరారన్నది నిజం. పిల్లలకు ఆ మాట చెప్పకుండా సువార్త పనిమీద వెళుతున్నామని చెప్పుకునేవాళ్లూ ఉండే ఉంటారు. అయినా మనకు తోచింది చెబుతాం. వాళ్లు ఎలాగూ దక్షిణానికి వెళ్లేవాళ్లే. డీజిలు ఎలాగూ కాలేదే. ఆ ప్రయాణం దారిలో ఒక ఇల్లు లేచింది, అది మిగులు. ఎండ కోసం బయలుదేరిన మనిషిని దేవుడు పని దగ్గర దించాడంటే ఆ మనిషి ఉద్దేశాన్ని తూకం వేయాల్సిన అవసరం మనకు లేదు. చెక్కు రాసి పంపినవాడికి ఆ ఇంటి తల్లి పేరు తెలియదు. ఆమె పక్కన రెండు వారాలు మేకులు కొట్టినవాడికి ఆమె పిల్లల పేర్లు కూడా తెలుస్తాయి.

ఆ బండ్లు మనకు రావు, రానక్కర్లేదు కూడా. కానీ మన పెద్దలకూ వలసలున్నాయి. అమెరికాలో కూతురి కాన్పుకు వెళతాం. హైదరాబాదులో, బెంగళూరులో కొడుకు ఫ్లాటుకు వెళ్లి బాల్కనీలో కూర్చుంటాం. జనవరిలో కూటాలకు వెళతాం. ఏళ్ల తరబడి కూడబెట్టి యెరూషలేము యాత్ర చేసి, యొర్దాను నీళ్ల సీసా తెచ్చుకుంటాం. ఇవేవీ తప్పు కాదు. ఈ ప్రయాణాల్లో దేనికైనా రెండు వారాల పని తగిలించవచ్చా అన్నదే మన ప్రశ్న. దగ్గర్లోని మండలానికి పోవడానికి ఆర్వీ ఎందుకు, ఆర్టీసీ బస్సు చాలు.

వెంటనే ఇటుకలు మోయడానికి బయలుదేరమనడం లేదు. మన దేశంలో ఇటుకలు మోసి పూట గడుపుకునేవాళ్లున్నారు. ఉచితంగా మోసి వాళ్ల కూలి పోగొడితే అది సేవ కాదు, దొంగతనం. చేసేవాళ్లు లేక ఆగిపోయిన పనులు వేరే ఉన్నాయి. ప్రభుత్వ గృహ పథకాల్లో బిల్లులు దశలవారీగా వస్తాయని మనకు తెలుసు. పునాది, లింటెల్, స్లాబు. భర్త పోయిన ఒక సహోదరి ఇల్లు లింటెల్ దగ్గర ఆగిపోయి ఉంటుంది. ఫొటో ఎవరు తీయాలో, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో ఆమెకు తెలియదు. తిరిగితే ఆ రోజు కూలి పోతుంది. అదే సంఘంలో ముప్పై ఐదేళ్లు రెవెన్యూ ఆఫీసులో పనిచేసి ఆ కాగితాలన్నీ కళ్లు మూసుకుని రాయగలిగిన పెద్దాయన ఉంటాడు. ఆదివారం ఇద్దరూ ఒకే పైకప్పు కింద కూర్చుంటారు. ఆయన కుర్చీలో, ఆమె చాప మీద.

అసలు అడ్డంకి అక్కడే ఉంది. చేతులతో చేసే పని ఫలానా వాళ్లదని మనం ఎప్పుడో పంచేసుకున్నాం. మనం ఆరాధించే ప్రభువు వడ్రంగి అని పాటల్లో పాడతాం, వడ్రంగిని మాత్రం ఏకవచనంలో పిలుస్తాం. నెహెమ్యా 3వ అధ్యాయం పేర్ల జాబితా అని దాటేస్తాం కానీ, యెరూషలేము గోడ కట్టినవాళ్ల హాజరు పట్టీ అది. ప్రధాన యాజకుడు ఉన్నాడు. కంసాలి ఉన్నాడు, పరిమళ ద్రవ్యాలు చేసేవాడు ఉన్నాడు. షల్లూము అనే ఒక అధికారి తన కూతుళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. తెకోవ ఊరివాళ్లు కూడా వచ్చారు, వాళ్ల అధికారులు మాత్రం ఆ పనికి మెడ వంచలేదని 5వ వచనంలో రాసి ఉంది. రెండున్నర వేల ఏళ్లుగా ఆ గైర్హాజరు అలాగే ఉండిపోయింది.

మా సంఘంలో ఫెలోషిప్ హాలు స్లాబు మూడు వర్షాకాలాలు కారింది. ఆదివారం బడి పిల్లలు బకెట్ల మధ్య కూర్చుని వాక్యాలు వల్లించారు. కమిటీ నాలుగుసార్లు కూర్చుని, మూడు కొటేషన్లు తెప్పించి, ఎవరి మనిషికి కాంట్రాక్టు ఇవ్వాలన్న దగ్గర మాటామాటా పెరిగి లేచిపోయింది. ఆ కమిటీలో మేమూ ఉన్నాం. మాలో ఇద్దరు రిటైర్డు ఇంజనీర్లు. సంఘంలో తాపీ మేస్త్రీలు ఐదు కుటుంబాలున్నారు, వాళ్లను మేము ఒక్కసారి కూడా అడగలేదు. వాళ్లు కమిటీలో లేరు కదా!

చివరికి ఆ మేస్త్రీల్లో ఒకాయన అయ్యగారి దగ్గరికి వచ్చి, సామాను మీరు కొనండి, మా మజూరీ ప్రభువుకు వేసుకోండి, శని ఆదివారాల్లో చేసేస్తాం అన్నాడు. శనివారం ఆరు గంటలకల్లా పాత సున్నం చెక్కడం మొదలైంది. ఎనిమిది గంటలకు మాలోని ఒక ఇంజనీరు గారు పర్యవేక్షణకని గొడుగు వేసుకుని వచ్చారు. కాసేపు కింద నిలబడి సూచనలు ఇచ్చారు. పైవాళ్లకు వినపడలేదో, వినలేదో. తొమ్మిదింటికి ఆయన భార్య టీ ఫ్లాస్కు పట్టుకుని నిచ్చెన ఎక్కేసింది. అరవై నాలుగేళ్ల ఆవిడ! పైనుంచి తొంగిచూసి, పైన మనిషి తక్కువగా ఉన్నాడండీ, మీరూ రండి అంది. ఆయన గొడుగు మూసి గోడకు ఆనించారు. చొక్కా చేతులు మడిచి, తుంటి నొప్పి ఉన్న మనిషి ఒక్కో మెట్టూ చూసుకుంటూ పైకెక్కారు. ఆ మేస్త్రీని పద్నాలుగేళ్లుగా ఒరేయ్ అని పిలిచిన నోరు ఆయనది. సిమెంటు కలిపిన తట్ట రెండు చేతులా పట్టుకుని, ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, ‘ఇది ఎక్కడ పొయ్యాలి మేస్త్రీ గారూ?’ అని అడిగారు.